నాయన లెయ్యమనలేదు

మా ఆయన పనిచేసే ఆఫీసు పేరు చెప్పను. ఉదయగిరిలో ఉన్న సర్కారు ఆఫీసుల్లో అదీ ఒకటి, అంతవరకు తెలిస్తే చాలు. నెలనెలా జీతం అక్కడినుంచే వస్తోంది, తిన్నింటి వాసాలు లెక్కపెట్టే బుద్ధి నాకు లేదు. మొగుడి పేరు కూడా ఆడది చెప్పకూడదంటారు గానీ, చెప్పకపోతే కథ నడవదు. ఆయన పేరు పెంచలనరసింహం. నా పేరు వసంతకుమారి.

దేశానికి స్వతంత్రం వచ్చిన ఏడే మా పెళ్ళయింది. ఆ ఏడే ఆయనకు ఆఫీసులో గుమాస్తా పని దొరికింది. టెంపరరీ. టెంపరరీ అంటే ఏమిటో తెలుసుకోవాలంటే టెంపరరీ ఉద్యోగి పెళ్ళాన్ని అడగాలి. ప్రతి మార్చి నెలాఖరుకు ఉద్యోగం అయిపోతుంది. నెల్లూరినుంచి కాగితం వస్తే మళ్ళీ ఏడాదికి ప్రాణం పోసుకుంటుంది. ఎనిమిదేళ్ళపాటు ప్రతి మార్చిలోనూ నేను గింజ గింజా చూసుకుని వండాను. పర్మనెంటు చేశారంటే ఆ పీడ వదులుతుంది, యాభై అయిదో ఏట పింఛను కూడా వస్తుంది. నాకు నగలు అక్కరలేదు, మిద్దె అక్కరలేదు. ఆ ఒక్క మాట కాగితం మీద పడితే చాలు. ఇద్దరు ఆడపిల్లల తల్లిని, అంతకన్నా పెద్ద కోరిక నాకు లేదు.

ఇక ఆయన సంగతి. కాపురానికి వచ్చిన మూడో రోజు ఆత్మకూరులో ఉన్న మామగారికి ఉత్తరం రాయాలన్నారు. నేను చాప పరిచాను. ఆయన చాప వైపు చూడనైనా చూడలేదు. కలం తీసుకుని నేరుగా గోడ దగ్గరికి పోయి, వీపు ఆనించి, కింద కుర్చీ ఉన్నట్టే మోకాళ్ళు వంచి, తొడమీద అట్ట పెట్టుకుని రాయడం మొదలుపెట్టారు. కడుపులో నొప్పేమోనని నేను వాము కషాయం కాచి ఇచ్చాను. తాగి, మూతి తుడుచుకుని, అలాగే ఉత్తరం పూర్తిచేశారు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

బడికి పోయిన వాళ్ళకు చెప్పనక్కరలేదు. దాన్ని గోడకుర్చీ అంటారు. పాఠం రాని పిల్లలకు అయ్యవారు వేసే శిక్ష. నేనూ నాలుగో క్లాసు దాకా చదివినదాన్నే, గోడకుర్చీ రుచి నాకూ తెలుసు. పది నిమిషాలకే తొడలు వణుకుతాయి, పావుగంటకు చనిపోయిన తాతలు కనిపిస్తారు. మా ఆయన మాత్రం ఆఫీసులో పొద్దున పదకొండుకు గోడకు ఆనుకుంటే సాయంత్రం అయిదుకు లేచేవారు. అన్నానికి, నిద్రకు, నడకకు ఏ ఇబ్బందీ లేదు. పని అనేది ముందుకొచ్చి కలం చేతికి అందిందంటే చాలు, వీపు గోడను వెతుక్కునేది.

ఆఫీసులో నలుగురు గుమాస్తాలు, మూడు కుర్చీలు. కొత్త రాష్ట్రం వచ్చాక మంచి కుర్చీలన్నీ రాజధాని కర్నూలుకు పోయాయని బంట్రోతు మస్తానయ్య చెప్పేవాడు. కాబట్టి కుర్చీ అడగని గుమాస్తా అంటే పెద్ద ఆఫీసరుకు ప్రాణం. అర్జీలు తెచ్చే జనానికి మా ఆయన ఒక వింత. వరికుంటపాడు నుంచి వచ్చిన ఒక పెద్దరైతు ఆయన కిందకు వంగి చూసి, చెయ్యి పెట్టి తడిమి, "కుర్చీ ఉండాదిరా, మనకు కనపడదు. సర్కారోళ్ళకే కనపడతాది" అని తనతో వచ్చినవాళ్ళకు తేల్చి చెప్పాడు. అప్పటినుంచి ఆ ఊరివాళ్ళు ఆయనకు దణ్ణం పెట్టి, ఆయన కింద ఉన్న ఖాళీకి ఇంకొక దణ్ణం పెట్టి పోయేవారు.

ఇలాగే గడిచిపోయేది. పెద్ద ఆఫీసరు మంచితనం కొంప ముంచింది. ఆయన ఇంకొక కుర్చీ కావాలని పై ఆఫీసుకు రాస్తూ, రాసినవాడు ఊరుకోకుండా, "తొందరేమీ లేదు, నాలుగో గుమాస్తా కుర్చీ లేకుండానే మిగతావారికన్నా చక్కగా పనిచేస్తున్నాడు" అని ఒక మెచ్చుకోలు చేర్చారు. ఏడాదికి జవాబు వచ్చింది. నాలుగో గుమాస్తా కుర్చీ లేకుండా చక్కగా పనిచేస్తున్నప్పుడు మిగతా ముగ్గురికి కుర్చీలు ఎందుకో వెంటనే సంజాయిషీ ఇవ్వవలసింది అని. ఆ నెలలోనే పెద్ద ఆఫీసరుకు బదిలీ అయింది. కాగితం కొత్త ఆఫీసరు నెత్తిన పడింది.

మిగతా ముగ్గురు గుమాస్తాలకూ మా ఆయన ఆ రోజునుంచి పగవాడైపోయారు. అందరిలో పెద్దవాడు పిచ్చయ్యగారు, భారీ మనిషి, మోకాళ్ళ నొప్పులు. ముందుజాగ్రత్తగా ఒకరోజు మధ్యాహ్నం ఆయన కూడా గోడకుర్చీ వేసి చూశారు. గోడకున్న సున్నమంతా చొక్కాకు పూసుకుంటూ కిందికి జారి, అక్కడే కూర్చుండిపోయారు. లేపడానికి ముగ్గురు కావలసి వచ్చింది. ఆ సాయంత్రమే మా ఇంటి ముందుకొచ్చి నాకు వినపడేలా అరిచారు.

"ఏంది నరసింహం, నీకు మేమేం ద్రోహం చేసినాం? కుర్చీలో కూసుంటే నీకేం పోతాది? ఊరంతా కూసోవడం లా?"

కొత్త ఆఫీసరు నెల్లూరు మనిషి, వయసులో చిన్నవాడు, నెమ్మదస్తుడు. ఆయన చెప్పింది న్యాయంగానే ఉంది. మా ఆయన కుర్చీలో కూర్చుని పనిచేయగా కళ్ళారా చూస్తే, నాలుగో గుమాస్తాకూ కుర్చీ కావాలని పైకి రాసేస్తారు. అప్పుడు అందరి కుర్చీలూ దక్కుతాయి. మా ఆయన పర్మనెంటు కాగితం కూడా బల్లమీదే ఉంది, దానిమీదా సంతకం పెట్టేస్తారు. కూర్చోలేకపోతే మార్చి ముప్పై ఒకటి తర్వాత ఈయన లేకుండానే ఆఫీసు నడుస్తుంది. అప్పటికి పన్నెండు రోజులు ఉంది.

ఆ పన్నెండింట్లో ఎనిమిది రోజులు ప్రయోగాలకే పోయాయి. పిచ్చయ్యగారి కుర్చీలో కూర్చోబెట్టి కలం చేతికిచ్చారు. చెయ్యి కదలలేదు. పోనీ నీ పేరు రాయవయ్యా అన్నారు. పేరు కూడా రాలేదు. మస్తానయ్య ఒక తలుపు చెక్క తెచ్చి వీపు వెనక నిలబెట్టాడు. చెక్కకూ గోడకూ తేడా తెలియని వీపు కాదది. కుర్చీని గోడకు ఆనించారు, కాళ్ళకింద ఇటుకలు పెట్టారు, మూడోరోజు తాయెత్తు కూడా కట్టారు. ఇంట్లో నా ప్రయత్నం నేను చేశాను. మంగలిని బతిమాలి అతని మడతకుర్చీ ఒక పూటకు అడిగి తెచ్చి, పిల్లలు నిద్రపోతుండగా నడింట్లో వేశాను.

"కూర్చోండి" అన్నాను. కూర్చున్నారు.

"రాయండి" అన్నాను. కలం పట్టుకున్న చెయ్యి అలాగే ఉంది. చూస్తుండగానే ఆయన కళ్ళవెంట నీళ్ళు కారాయి.

"ఎందుకండీ? కూర్చుని రాస్తే ఏమవుతుంది?"

"నాయన లెయ్యమనలేదు" అన్నారు.

"ఎప్పుడు?"

"నాకు పద్నాలుగేళ్ళప్పుడు."

మా మామగారు మాలకొండయ్య ఆత్మకూరులో బడి నడిపేవారు. అంటే మా ఆయనకు ఇంట్లోనూ ఆయనే, బళ్ళోనూ ఆయనే. మిగతా పిల్లలకు సాయంత్రానికి బడి అయిపోయేది, మా ఆయనకు అయిపోయేది కాదు. ఆ రోజు పొద్దున ఏదో తప్పుకు కొడుకును గోడకుర్చీ వేయించారు. అంతలో సంగం ఊళ్ళో దగ్గరి చుట్టం పోయాడని కబురు వచ్చింది. మామగారు కండువా వేసుకుని బండెక్కేశారు. పిల్లలు ఇళ్ళకు పోయారు. ఈయన పొద్దుగూకేదాకా గోడకే ఉన్నారు. చివరికి పక్కింటి వెంగమ్మ చూసి, చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చింది. బడి ధర్మం ఏమిటంటే, శిక్ష వేసిన అయ్యవారే లెయ్యమనాలి. వెంగమ్మ అయ్యవారు కాదు. మామగారు నాలుగోరోజు తిరిగొచ్చి ఆ మాటే మరిచిపోయారు. మా ఆయన అడగలేదు.

"ఇప్పుడు పోయి అడగండి" అన్నాను.

"నాయన్నా? నేనా?" అని ఆయన ఎంత భయంగా చూశారంటే, ఇక మాట పెంచకుండా నేనే బయలుదేరాను.

పిల్లల్ని మస్తానయ్య భార్య దగ్గర వదిలి పొద్దుటి బస్సెక్కాను. ఆత్మకూరు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. మామగారు ఆ వయసులో కూడా ఇంటి వసారాలో పిల్లలకు ఎక్కాలు చెబుతున్నారు. ముప్పైమంది పిల్లలు ఉండి కూడా ఈగ వాలిన చప్పుడు వినపడుతోంది. నేను స్తంభం చాటున నిలబడి విషయం చెప్పాను.

"మీ కొడుకును గోడకుర్చీ నుంచి లెయ్యమని ఒక్క మాట చెప్పాల మామా."

"ఏ గోడకుర్చీ?"

"పదహారేళ్ళ కిందటిది. మీరు సంగం పోయినరోజు వేసింది."

"ఇంకా లెయ్యలేదా వాడు?" అన్నారు మామగారు. ఆ గొంతులో ఉన్నది గర్వమేనని నేను ఒట్టేసి చెప్పగలను.

"లెయ్యలేదు."

"ఏం తప్పు చేసినాడంట?"

"ఆయనకు గుర్తులేదు. మీకు ఉంటాదేమోనని."

"తప్పు నాకూ గుర్తులేదు. శిక్ష గుర్తుండాది" అన్నారు. కాసేపు బెత్తం వైపు చూసి, "చూడమ్మా, మా నాయన నన్ను పల్లెత్తు మాట అనలా. ముద్దుగా పెంచినాడు. ఆత్మకూరు బజార్లో మాకు అంగడి ఉండేది. అడిగినోడికల్లా అరువిచ్చినా, పొద్దెక్కి లేచినా, నాలుగేళ్ళకు తలుపులు మూసినా. నా కొడుక్కు ఆ గతి పట్టకూడదని చెప్పి వాడికి భయం నేర్పినా. ఆ భయమే ఈ పొద్దు వాడికి కూడు పెడతా ఉండాది. లెయ్యమంటే భయం పోతాది. భయం లేనోడికి జీతం ఎవడిస్తాడు?" అన్నారు.

"లెయ్యకపోతే ఇచ్చే జీతం కూడా పోతాది మామా. ముప్పై ఒకటో తేదీ ఆఖరు. ఒకటో తేదీకి మేం నలుగురం ఈ ఇంటికే వస్తాం. నేను వంట చేస్తా, మీరు ఎక్కాలు చెప్పండి, ఆయన మీ గోడకే ఆనుకుంటారు."

మామగారు వసారాలోని పిల్లలవైపు, గోడవైపు, తర్వాత లోపల బియ్యం కుండవైపు చూశారు. "రేపు బస్సు ఎన్నింటికి?" అన్నారు.

ముప్పయ్యో తేదీ పొద్దున మామగారు ఆఫీసులో అడుగుపెట్టారు. ఏ కారణమూ లేకుండా అందరూ లేచి నిలబడ్డారు, ఆఫీసరుతో సహా. ఆఫీసరు తన కుర్చీ చూపిస్తే, "పిల్లకాయల ముందర నేను కూసోను" అన్నారు మామగారు. నేను బయట వరండాలో కిటికీ దగ్గర మస్తానయ్య పక్కన నిలబడ్డాను. అర్జీలమీద వేలిముద్ర వేయడానికి తప్ప ఆడవాళ్ళు ఆ గది గడప తొక్కరు.

మా ఆయన గోడకు ఆనుకుని ఉన్నారు. తండ్రిని చూసి మోకాళ్ళు ఇంకా కాస్త వంచారు. మామగారు ఎదురుగా పోయి, బెత్తం ఉండాల్సిన చోట ఖాళీ చెయ్యి పట్టుకుని, కొడుకును పైనుంచి కిందికి చూశారు.

"లెయ్యరా నరసింహా. పో. పోయి కూసో."

మా ఆయన లేచారు. ఒక్కసారిగా కాదు. ముందు తల, తర్వాత భుజాలు, ఆ తర్వాత ఎప్పటికో మోకాళ్ళు నిటారయ్యాయి. ఇంత పొడుగు మనిషని నాకు అప్పటిదాకా తెలియదు. నడిచి వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. పిచ్చయ్యగారు సంతోషం పట్టలేక చేతులు జోడించారు. ఆఫీసరు ఒక కాగితం ఆయన ముందు పెట్టి, ఇంకో చేత్తో పర్మనెంటు కాగితం దగ్గరికి లాక్కున్నారు.

"రాయవయ్యా" అన్నారు.

మా ఆయన వెనక్కి ఆనుకున్నారు. కాలుమీద కాలు వేసుకున్నారు. కిటికీలోనుంచి కొండను, కొండమీది కోటగోడలను, మేఘాన్ని చూశారు.

"రాస్తాలే సార్. ఏమంత తొందర?" అన్నారు.

ఆయన కాగితం తీసి, తీరిగ్గా చదివి, నవ్వారు.

"ఇది నిరుడు కూడా నేనే రాసినా సార్. అంతకు ముందేడూ నేనే రాసినా. చెరువు తూము చెడిపోయిందని ఆ ఊరోళ్ళు రాస్తారు, మనం పైకి రాస్తాం, పైనోళ్ళు మళ్ళీ మనకే పంపిస్తారు. తూము మటుకు అట్నే ఉండాది. నీళ్ళు పోతానే ఉండాయి." కాగితం బల్లమీద పెట్టేశారు. "నాకీ పని ఇష్టంలేదు సార్. ఎప్పుడూ లేదు. ఇప్పుడు కూసున్నాక తెలిసినాది."

"మరి ఏం చేస్తారు?" అన్నారు ఆఫీసరు, నిజంగానే తెలుసుకోవాలని ఉన్నట్టు.

"తెలీదు సార్. కాసేపు కూసుని చూస్తా."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూశాను. ఎనిమిదేళ్ళ కాపురంలో ఆ మొహం నేను చూడలేదు. నుదుటిమీద గీతలు లేవు. కళ్ళు తేటగా ఉన్నాయి, చిన్నపిల్లవాడి కళ్ళలాగా. ఎంత అందగాడు నా మొగుడు అనుకున్నాను. లోపలికి పరుగెత్తి ఆ తల పట్టుకుని ముద్దుపెట్టుకోవాలనిపించింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అంత ప్రేమ ఆయనమీద నాకు ముందెప్పుడూ కలగలేదు.

ఆఫీసరు నిట్టూర్చి పర్మనెంటు కాగితాన్ని పక్కకు జరిపారు. కలానికి మూత బిగించడం మొదలుపెట్టారు.

నేను కిటికీలోనుంచి మామగారిని చూశాను. ఏదో ఒకటి చెయ్యండి అన్నట్టు చూశాను. ఆయన మొహం పాలిపోయింది. "వదిలేసిన పిల్లకాయను మళ్ళీ పిలిచి శిక్ష వెయ్యగూడదమ్మా. బడి ధర్మం కాదు" అన్నారు. గొంతు సగం కూడా బయటికి రాలేదు. అంతకాలం కొడుకును పట్టి ఉంచిన మాట ఆయన చేతిలోనుంచి జారిపోయింది. ఇక ఆయన మామూలు ముసలాయన.

మూత రెండు చుట్లు తిరిగింది. పెద్దదానికి ఆరేళ్ళు, చిన్నదానికి మూడు. డబ్బాలో ఉన్న బియ్యం నాలుగు రోజులకు వస్తాయి. నేను గడప దాటి లోపలికి పోయాను. పిచ్చయ్యగారు అడ్డం రాబోయి, నన్ను చూసి తప్పుకున్నారు.

"నరసింహం" అన్నాను. మొగుణ్ణి పేరుపెట్టి పిలవడం నా జన్మలో అదే మొదలు.

ఆయన నవ్వుతూనే నావైపు తిరిగారు. ఆ నవ్వు నాతో పంచుకుందామనే తిరిగారు, అది నాకు తెలుసు.

"కాలు దించు. కలం తీసుకో. రాయి. నేను లెయ్యమనే దాకా ఆ కుర్చీలోంచి లెయ్యగూడదు. కిటికీ వైపు చూడగూడదు. అర్థమైనాదా?"

నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆత్మకూరు వసారాలో ముప్పైమంది పిల్లలు వినే గొంతు అది. ఆయన ఒక్క క్షణం నన్ను చూశారు. నవ్వు ముందు కళ్ళలో ఆరిపోయింది, తర్వాత పెదవుల మీద. కాలు దిగింది. వీపు బిగుసుకుంది. కలం సిరాలో మునిగింది. తూము చెడిపోయిన సంగతి మూడోసారి, ముత్యాల్లాంటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా రాశారు. ఆఫీసరు కలం మూత తీసి సంతకం పెట్టారు. ఆ చేత్తోనే నాలుగో కుర్చీ కావాలని పైకి రాశారు. పిచ్చయ్యగారు ఏడ్చారు.

బస్సు ఎక్కేముందు మామగారు నా తలమీద చెయ్యి పెట్టారు. "నాకంటే గట్టిదానివమ్మా" అన్నారు. ఆయన దాన్ని దీవెన అనుకునే అన్నారు. నేను ఇంటికొచ్చి, పొయ్యి దగ్గర కూర్చుని, పొగ వంక పెట్టుకుని ఏడ్చాను.

ఇప్పుడు మార్చి నెలంటే నాకు భయంలేదు. పిల్లలకు పాలు పోయిస్తున్నాను. ఆఫీసుకు నాలుగో కుర్చీ ఇంకా రాలేదు, పిచ్చయ్యగారు తన కుర్చీ మా ఆయనకిచ్చి తాను పాత కాగితాల మూటమీద కూర్చుంటున్నారు. అదీ సంతోషంగానే. మా ఆయన కిటికీ వైపు చూడరు. ఎండ పడుతోందని ఆ కిటికీ రెక్క తీయడమే మానేశాడు మస్తానయ్య.

లెయ్యమనే ఆ మాట నేను ఇంకా అనలేదు. ఆయనకు ముప్పైయేళ్ళు, పింఛనుకు ఇరవై అయిదేళ్ళు ఉంది. ప్రతి నెలా ఒకటో తేదీ సాయంత్రం ఆయన జీతం తెచ్చి నా చేతిలో పెట్టి, పక్కకు పోకుండా, చేతులు కట్టుకుని ఒక్క నిమిషం నా ఎదుట నిలబడతారు. ఏం కావాలని నేను అడగను. అడిగితే చెబుతారేమోనని నాకు భయం. "కాళ్ళు కడుక్కోండి, అన్నం చల్లారిపోతుంది" అంటాను, ఆయన వెళ్ళి కాళ్ళు కడుక్కుంటారు.